మా బ్రిసల్‌నోజ్ చేపలు పిల్లలు పెట్టడానికి పదహారు నెలలు పట్టింది

ఈ ఉదయం లెక్కపెట్టాను. నలభై మూడు పిల్లలు! ఒక్కొక్కటి వేలిగోరంత ఉంది. అప్పుడే అద్దానికి నోరు అతికించుకుని నాచు గీకుతున్నాయి. ఈ సంతోషం తగ్గకముందే రాసేస్తున్నాను.

బ్రిసల్‌నోజ్ ప్లెకో దక్షిణ అమెరికా నదుల క్యాట్‌ఫిష్. శాస్త్రీయంగా ఆన్సిస్ట్రస్ అంటారు. పెరిగినా ఐదంగుళాలు దాటడం అరుదు. పొలుసులకు బదులు ఒంటి మీద ఎముక పలకలుంటాయి. పగలంతా దుంగ కింద నక్కి, లైటు ఆపాక బయటికొస్తుంది.

ట్యాంకు, ఫిల్టరు, నానబెట్టిన చెక్క దుంగ ఒక్క ఆదివారంలో సిద్ధమయ్యాయి. తిండికి కీరా, సొరకాయ ముక్కలు పెడతాను.

అసలు కష్టం షాపులో మొదలైంది. జత కావాలని అడిగితే అతను అంగుళన్నర పిల్లలు రెండు పట్టి, "ఇది మగ, ఇది ఆడ, గ్యారంటీ మేడమ్" అన్నాడు. నమ్మాను. పది నెలలు వారం వారం నీళ్లు మార్చాను. చల్లటి నీళ్లు పోస్తే వాన పడిందనుకుని జత కడతాయని పెంచేవాళ్లు చెబితే అదీ చేశాను. చివరికి రెండింటి ముక్కు మీదా కొమ్మలు కొమ్మలుగా మెత్తటి మీసాలు నుదుటి దాకా మొలిచాయి. చెంపల పక్క ముళ్లు విప్పి ఒకటి రెండోదాన్ని తరుముతుంటే జత కడుతున్నాయని మురిసిపోయాను.

అనుమానం వచ్చి ఫోటోలు తీసుకుని షాపుకి వెళ్లాను. "పది నెలల్నుంచి ఇంట్లో పెట్టుకుని మగో ఆడో కనబడలేదా మేడమ్?" అన్నాడు అందరి ముందూ. పక్కనున్న కాలేజీ పిల్లలు నవ్వారు. నోట మాట రాలేదు. స్కూటీ మీద ఇంటికి వస్తుంటే కళ్లలో నీళ్లు తిరిగాయి.

అంగుళన్నర పిల్లని చూసి మగో ఆడో చెప్పడం ఎవరి వల్లా కాదు. అతను తెలిసే అబద్ధమాడాడు. మీసాలు పెద్దయ్యాకే వస్తాయి. ఆడదానికి ఉన్నా మూతి అంచున పొట్టిగా ఉంటాయి. అంటే నాకిచ్చిన రెండూ మగవే. కొంటే ఆరు పిల్లలు కొనండి, లేదా పెరిగినవే చూసి తీసుకోండి. గ్యారంటీ అన్నవాడి దగ్గర మాత్రం కొనకండి.

ఆ కోపంలోనే ఈ మీసాల గురించి చదివాను. సబాజ్, ఆర్మ్‌బ్రస్టర్, పేజ్ అనే శాస్త్రవేత్తలు 1999లో ఒక ఊహ చెప్పారు. మగదాని మీసాలు చేపపిల్లల్లా కనిపిస్తాయట. పిల్లల్ని కాచే తండ్రినే ఆడచేప ఇష్టపడుతుంది కాబట్టి, ఆ మీసాలు చూసి దగ్గరికొస్తుందట. ఆ రాత్రి టార్చి వెలుగులో ఆ రెండింటినీ చాలాసేపు చూశాను. వాటి మీద కోపం పోయింది.

ఒక మగదాన్ని తెలిసినవాళ్లకిచ్చి, ఇంట్లో పెంచేవాళ్ల దగ్గర పెద్ద ఆడచేప తెచ్చుకున్నాను. మీ దగ్గర ఎక్కువైతే ఇలా ఎవరికైనా ఇవ్వండి, కాలువలో మాత్రం వదలకండి. మన జాలర్లు దెయ్యం చేప అని తిట్టుకునే సక్కర్ ఫిష్ దీని కుటుంబందే. అది వలలు చింపుతుంది, గట్లలో బొరియలు తవ్వుతుంది. అక్వేరియంలో పెంచినవాళ్లు వదిలిన పాపమే అది.

ఆడచేప వచ్చిన ఆరో నెలలో ఒక రాత్రి మూడింటికి, నిద్రపట్టక లేచిన మామయ్యగారు తలుపు తట్టారు. "అమ్మాయ్, కుండపెంకులో నారింజ రంగు పూసల్లాంటివి ఏవో ఉన్నాయి, చూడు." గుడ్లు! ఆడది పెట్టి వెళ్లిపోయింది, కాపలా అంతా తండ్రిదే. రెక్కలతో నీళ్లు విసురుతూ, తిండి మానేసి ఐదు రోజులు కదల్లేదు. గుడ్లలోంచి పిల్లలు బయటికొచ్చాక కూడా, వాటి పొట్ట కింది పచ్చసొన కరిగేదాకా గుమ్మంలోనే ఉంది.

నిన్న రాత్రి మొదటిసారి అది కీరా ముక్క దగ్గరికి వచ్చింది. మామయ్యగారే నన్ను లేపి చూపించారు.