స్క్రూకి పీట

మార్చిలో ఒక శనివారం. డాలస్‌కి ఉత్తరాన నేను వెళ్ళే తుపాకి రేంజిలో, వంద గజాల లైను మీద నా రైఫిల్ కాలుస్తున్నాను. మ్యాగజైనులో ఆఖరి తూటా పేలాక, తూటా కూర్చునే ఛాంబరుని వెనక నుంచి మూసే బోల్టు వెనక్కి వెళ్ళి అక్కడే ఆగిపోవాలి. ఆగలేదు, ఖాళీ ఛాంబరు మీదకొచ్చి మూసుకుంది. ఒక్కసారైతే పట్టించుకునేవాణ్ణి కాదు. ఆ మధ్యాహ్నం ఐదు మ్యాగజైన్లలో మూడుసార్లు అదే జరిగింది. బ్యారెల్ వేడెక్కేకొద్దీ ఇంకా ముదిరి, చివరికి ఒక ఖాళీ షెల్ బయటపడకుండా బోల్టుకి అడ్డంగా ఇరుక్కుంది. తుపాకి ఖాళీ చేసి, ఛాంబరు రెండుసార్లు చూసి, పెట్టెలో పెట్టేసి ఇంటికొచ్చేశాను.

అది ఏఆర్-15. పదహారు అంగుళాల బ్యారెల్. గ్రీన్‌కార్డు చేతికొచ్చాకే కొన్నాను. ఇక్కడ వీసా మీద ఉన్న మనవాళ్ళు చాలామందికి ఈ సంగతి తెలియదు కాబట్టి చెబుతున్నాను: హెచ్-1బీ లాంటి వీసాల మీద ఉన్నవాళ్ళు తుపాకి దగ్గర ఉంచుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం మామూలుగా నిషేధం. వేట లైసెన్సులాంటి కొద్ది మినహాయింపులు ఉన్నాయి. సరదాకి స్నేహితుడి తుపాకి పట్టుకునే ముందే వకీలునడిగి తెలుసుకోండి.

బ్యారెల్ మీద గ్యాస్ బ్లాక్ రెండేళ్ళ కిందట నేనే బిగించాను. తప్పు అక్కడే ఉంది. కానీ అది తెలుసుకోవడానికి నాకు నాలుగు వారాలు పట్టింది.

ఈ రైఫిల్ పనిచేసే తీరు ఇలా ఉంటుంది. తూటా బ్యారెల్లో ముందుకు పోతుంటే దాన్ని తోసే గ్యాసులో కొంచెం, బ్యారెల్ పైన ఉన్న చిన్న రంధ్రంలోంచి బయటికి వస్తుంది. ఆ రంధ్రాన్ని కప్పుతూ ఉంగరంలా బ్యారెల్‌కి తొడిగేదే గ్యాస్ బ్లాక్. అక్కణ్ణుంచి సన్నటి స్టీలు గొట్టంలో గ్యాసు వెనక్కి వచ్చి బోల్టుని మోసే క్యారియర్‌ని వెనక్కి నెడుతుంది. పాత షెల్‌ని బయటికి విసరడం, కొత్త తూటా ఎక్కించుకోవడం, ఆఖరి తూటా తర్వాత బోల్టు వెనకే నిలబడడం, ఈ పనులన్నిటికీ బలం ఆ చిన్న రంధ్రంలోంచే రావాలి. యూజీన్ స్టోనర్ 1950లలో ఆర్మలైట్ సంస్థలో ఉండగా తీర్చిన ఏర్పాటు ఇది. బ్లాక్ కొంచెం పక్కకి తిరిగినా, వదులై సందుల్లోంచి గ్యాసు పోయినా బోల్టు సగం దూరమే వెళ్ళి తిరిగొస్తుంది.

నేను మాత్రం ముందు మిగతావన్నీ అనుమానించాను. తూటాలు మార్చాను. మ్యాగజైన్లు మార్చాను. గ్యాసు పక్కనుంచి పోకుండా బోల్టుకుండే మూడు గ్యాస్ రింగులు అరిగాయేమోనని, బోల్టుని బయటికి లాగి, బోల్టు ముఖం మీద క్యారియర్‌ని నిలబెట్టి చూశాను. రింగులు పోతే క్యారియర్ తన బరువుకే కిందికి జారిపోతుంది. జారలేదు. క్యారియర్ పైన ఉండి గొట్టంలోంచి గ్యాసు అందుకునే గ్యాస్ కీ స్క్రూలు చూశాను, గట్టిగానే ఉన్నాయి. నూనె ఎక్కువ వేశాను, తక్కువ వేశాను. నాలుగో వారం బ్యారెల్‌ని కప్పి ఉండే హ్యాండ్‌గార్డ్ విప్పాక గాని అసలు సంగతి కనబడలేదు. బ్లాక్‌కి ముందు వైపు బ్యారెల్ మీద నల్లటి మసి, పొయ్యి పక్క గోడకి పట్టినట్టు పట్టి ఉంది. బ్లాక్‌ని రెండు వేళ్ళతో పట్టుకుని తిప్పితే కదిలింది. చాలా కొద్దిగానే, కానీ కదిలింది.

ఆ రాత్రి నాన్నకి వీడియో కాల్ చేశాను. విజయవాడ ఆటోనగర్‌లో ముప్పై ఏళ్ళు లేత్ షాపు నడిపిన మనిషి. లారీల షాఫ్టులు, పుల్లీలు, బుష్షులు. తుపాకి ఎన్నడూ ముట్టుకోలేదు. కెమెరా ముందు బ్యారెల్ పెట్టి బ్లాక్ తిప్పి చూపించాను. ఆయన కళ్ళజోడు సర్దుకుని చాలాసేపు చూశాడు.

"ఇది షాఫ్టు మీద పుల్లీనే కదరా. కీ వే గాడి లేదు. మరి దేంతో పట్టుంది?"

"కింద రెండు గ్రబ్ స్క్రూలు నాన్నా. లాక్‌టైట్ కూడా వేశా." (గ్రబ్ స్క్రూ అంటే తల లేని స్క్రూ, లాక్‌టైట్ అంటే స్క్రూ వదులవకుండా వేసే జిగురు.)

"షాఫ్టు మీద గుంట పెట్టావా?"

పెట్టలేదు. ఆ మాట చెప్పడానికి ఒక క్షణం పట్టింది నాకు. చిన్నప్పుడు వేసవి సెలవుల్లో ఆ షాపులో కూర్చుని, ఆయన పుల్లీ బిగించే ముందు షాఫ్టు మీద డ్రిల్లుతో చిన్న గుంట పెట్టడం వందసార్లు చూసినవాణ్ణి.

"గుండ్రటి షాఫ్టు మీద స్క్రూ కొన ఆనితే అది జారకేం చేస్తది? పీట వెయ్యకుండా కూర్చోమంటే ఎట్టా కూర్చుంటది?" అన్నాడు.

ఈ పోస్టు రాస్తున్నది ఆ పీట కోసమే.

అమెరికా సైన్యం వాడుతూ వచ్చిన ఎం16 రైఫిల్‌లో గురి చూసే ముందు సైటు, గ్యాస్ బ్లాక్ ఒకే ముక్కగా ఉంటాయి. ఒక కొనకి సన్నబడే రెండు టేపర్ పిన్నులు బ్యారెల్ అడుగున కోసిన గాళ్ళలోంచి అడ్డంగా దూరి దాన్ని పట్టుకుంటాయి. ఏకే రైఫిళ్ళలోనూ బ్లాక్‌ని ప్రెస్ చేసి పిన్ను కొడతారు. పొడవాటి హ్యాండ్‌గార్డ్ కింద దాగే చిన్న బ్లాకులు వచ్చాక, ఇళ్ళలో పని చేసుకునేవాళ్ళ సౌకర్యానికి రెండు గ్రబ్ స్క్రూల పద్ధతి బాగా వాడుకలోకి వచ్చింది. నా దృష్టిలో పిన్నుని మించిన పట్టు లేదు. అయితే దానికి బ్యారెల్‌ని కదలకుండా పట్టే సరైన ఫిక్చర్ కావాలి, డ్రిల్లు ఒక్క పిసరు తప్పినా బ్యారెల్ పాడైపోతుంది. నా గ్యారేజీలో అది చెయ్యలేను. గుంట పెట్టడం మాత్రం చెయ్యగలను.

బ్యారెల్‌కి రంధ్రం పడిపోతుందేమోననే భయం ఉండింది. నాన్న లెక్క కట్టమన్నాడు. బ్లాక్ కూర్చునే చోట బ్యారెల్ 0.750 అంగుళాలు, అంటే 19.05 మిల్లీమీటర్లు. లోపల తూటాని తిప్పే గాడి నుంచి గాడికి 0.224 అంగుళాలు. తీసేసి సగం చేస్తే ఒక్కో వైపు గోడ మందం ఇంచుమించు 6.7 మిల్లీమీటర్లు. మనకి కావలసింది స్క్రూ కొన దిగేంత గుంట, మిల్లీమీటరులోపే. అయినా చేత్తో అంచనాగా కాకుండా, గ్యాసు రంధ్రాన్నే ఆధారం చేసుకుని గుంట చోటు చూపించే జిగ్ ఒకటి తెప్పించాను. ఎక్కువ లోతు దిగకుండా డ్రిల్లు బిట్‌కి స్టాప్ కాలర్ బిగించాను. నాన్న లైనులో ఉండి "మెల్లగా, మెల్లగా" అంటూనే ఉన్నాడు.

జిగ్ బిగిస్తుండగా ఇంకో తప్పు బయటపడింది. నిజానికి ఇదే ముందు తెలియవలసింది. బ్యారెల్ మీద బ్లాక్ కూర్చునే భాగానికి వెనక ఒక మెట్టు ఉంటుంది. రెండేళ్ళ కిందట నేను బ్లాక్‌ని ఆ మెట్టుకి ఆనేదాకా నెట్టి బిగించేశాను. చాలా బ్యారెళ్ళు పాతకాలం హ్యాండ్‌గార్డ్ క్యాప్ అనే రేకు ఆ సందులో ఉంటుందన్న లెక్కతో చేస్తారు. ఆ రేకు మందం దాదాపు 25 థౌ, అంటే అంగుళంలో వెయ్యో వంతులు పాతిక. నా రైఫిల్‌కి ఆ రేకు లేదు, కాబట్టి ఆ సందు నేనే వదలాలి. వదల్లేదు. బ్లాక్ విప్పి లోపల చూస్తే మసి ముద్ర గుండ్రంగా లేదు, విదియ చంద్రుడిలా ఒక పక్కకి ఒరిగి ఉంది. అంటే మొదటి రోజు నుంచీ గ్యాసు దారి కొంత మూసుకునే ఉంది. బ్లాక్ గట్టిగా ఉన్నన్నాళ్ళూ మిగతా దారి సరిపోయింది. కొంచెం వదులయ్యాక సరిపోలేదు. గుంట రంధ్రాన్ని బట్టి పెట్టడం వల్ల ఈసారి స్క్రూ అందులో దిగగానే బ్లాక్ తనంతట తనే సరైన చోటుకొచ్చింది. సందులు కొలిచే ఫీలర్ గేజ్ పెట్టి చూస్తే మెట్టుకీ బ్లాక్‌కీ మధ్య సన్నటి సందు కనబడింది.

లాక్‌టైట్ గురించి కూడా ఒక మాట. నేను వాడిన ఎరుపు రకం 150 డిగ్రీల సెల్సియస్ దాకా తట్టుకుంటుంది. దానితో పట్టిన స్క్రూని విప్పాలంటే వేడి చెయ్యమనే చెబుతారు. వరసగా రెండు మూడు మ్యాగజైన్లు కాలిస్తే గ్యాస్ బ్లాక్ దగ్గర ఆ వేడి సులువుగా దాటిపోతుంది. అంటే రేంజికెళ్ళిన ప్రతిసారీ నా స్క్రూని విప్పడానికి నేనే వేడి చేస్తూ వచ్చాను. ఈసారి రాక్‌సెట్ వేశాను. అది సిరామిక్ జాతిది, వేడికి లొంగదు. విప్పాలంటే నీళ్ళలో నానబెట్టాలి. స్క్రూలూ రంధ్రాలూ అసిటోన్‌తో నూనె చుక్క లేకుండా తుడిచి, టార్క్ రెంచితో బిగించి, ఒక రోజు పూర్తిగా ఆరనిచ్చాను. దానికి ముందు గ్యాస్ గొట్టం క్యారియర్ కీలోకి ఎక్కడా రాసుకోకుండా దూరుతోందో లేదో క్యారియర్‌ని మెల్లగా ముందుకూ వెనక్కీ తోసి చూసుకున్నాను. గొట్టం వంకరగా ఉంటే బ్లాక్ ఎంత బాగా కూర్చున్నా లాభం లేదు.

తర్వాతి శనివారం రేంజిలో ఒక్కో మ్యాగజైనులో ఒక్క తూటానే పెట్టి కాల్చాను. బోల్టు ఆగింది. మళ్ళీ పెట్టాను, ఆగింది. పదిసార్లు పెడితే పదిసార్లూ ఆగింది. తర్వాత నిండు మ్యాగజైన్లతో, బ్యారెల్ చెయ్యి ఆనించలేనంత వేడెక్కేదాకా కాల్చాను. ఖాళీ షెల్స్ అన్నీ నా కుడి పక్కన ఒకే చోట కుప్పగా పడ్డాయి.

బిగించినరోజే నాన్న చెప్పినట్టు బ్లాక్ మీంచి బ్యారెల్ మీదకి పసుప్పచ్చ పెయింటుతో సన్నటి గీత ఒకటి గీశాను. ఆటోనగర్‌లో నట్టు కదిలిందో లేదో తెలియడానికి గీసే గీతే. ఇప్పటికి నాలుగు వందల తూటాలు దాటాయి. ప్రతిసారీ రేంజి నుంచి రాగానే హ్యాండ్‌గార్డ్ సందులోంచి టార్చి వేసి ఆ గీత ఫోటో తీసి ఆయనకి పంపుతున్నాను. నిన్న పంపినదానికి జవాబు పొద్దున్నే వచ్చింది: "గీత విరగలా. ముందు స్క్రూ మీద మసి తుడువు, సరిగ్గా కనపడట్లా."