మా పిన్ ఓక్ ఎట్టకేలకు ఎర్రబడింది

ఈ శరదృతువులో మా పిన్ ఓక్ (ఆకు రాలేముందు ఎర్రబడే ఓక్ రకం చెట్టు) నిండుగా ఎర్రబడింది. ఆ సంతోషంలోనే ఇది రాస్తున్నాను. పడమటి ఎండ నేరుగా ఇంట్లోకి కొడుతుంటే నీడ కోసం పెట్టిన చెట్టు ఇది. ఆకు రాలేముందు రంగు తిరుగుతుందనే ఆశ కూడా ఉంది.

నాటడం తేలికే. పిన్ ఓక్ వేళ్లు పీచులా పైపైనే అల్లుకుంటాయి కాబట్టి మార్చి నాటినా త్వరగా కోలుకుంటుంది. వేళ్లు విచ్చుకునే చోటు మట్టిలో కూరుకుపోకుండా చూశాం, మల్చింగ్ (నేల మీద కప్పే ఎండాకులు, చెక్కపొట్టు లాంటి పొర) మొదలుకు తగలకుండా వేశాం. అంతే.

అసలు టెన్షన్ వేసవిలో మొదలైంది. కొమ్మల చివర లేత ఆకులు పసుపు రంగులోకి పాలిపోయాయి. ఈనెలు మాత్రం ఆకుపచ్చగా, గీత గీసినట్టు మిగిలాయి. రెమ్మ కోసుకుని నర్సరీకి వెళితే, అమ్మినాయన దాన్ని చేతిలోకైనా తీసుకోలేదు. "నీళ్లు చాలట్లేదు, యూరియా వేయండి" అన్నాడు. నత్రజని తగ్గితే ముందు ముదురాకులు పండాలి కదా, ఇక్కడ అవి బాగానే ఉన్నాయి అన్నాను. పదిమందిలో నవ్వి, "పెంచడం చేతకానివాళ్లు ఇలాంటివి కొనకూడదు" అన్నాడు. ఆ మాట ఇప్పటికీ మండుతుంది. మొక్క అమ్మేవాడికి ఆకు చూసే ఓపిక కూడా లేకపోతే ఎలా?

మట్టి పరీక్ష చేయిస్తే పీహెచ్ (నేల ఆమ్లమో క్షారమో చెప్పే కొలత, 7 దాటితే క్షారం) 7.8 వచ్చింది. అదీ సంగతి! నేలలో ఇనుము ఉన్నా, క్షార గుణం వల్ల వేళ్లకు అందదు. పిన్ ఓక్‌కు ఆమ్ల నేల కావాలి. ఆయన మాట విని నీళ్లు పెంచి ఉంటే జబ్బు ఇంకా ముదిరేది. ఇలాంటి నేలలో ఉత్త అన్నభేది (ఐరన్ సల్ఫేట్) వేసినా ఇనుము మళ్లీ బిగుసుకుపోతుంది. అందుకే క్షార నేలలోనూ బిగుసుకుపోకుండా వేళ్లకు అందే ఇనుము మందు, ఈడీడీహెచ్ఏ రకం చీలేటెడ్ ఐరన్, పాదులో పోశాం. నేల క్షారం తగ్గడానికి గంధకం కూడా వేశాం, కానీ అది చాలా నెమ్మదిగా పనిచేస్తుంది. కొత్త చిగుళ్లు పచ్చగా వచ్చాకే నాకు నిద్ర పట్టింది. ఇది ఒక్కసారితో తీరేది కాదు, మళ్లీ మళ్లీ వేస్తూ ఉండాలి.

పగలు ఎండ, రాత్రి చలి ఉంటే ఎరుపు బాగా తేలుతుంది. లేత ఓక్‌లు ఎండిన ఆకుల్ని చలికాలమంతా వదలవు, చచ్చిపోయిందని పీకేయకండి. కొమ్మలు కొట్టేది కూడా ఆ చలికాలంలోనే.

మీ నేల క్షారమైతే షుమార్డ్ ఓక్ అనే ఇంకో రకం అడగండి. అది అలాంటి నేలను తట్టుకుంటుంది, ఎర్రబడుతుంది కూడా. అమ్మేవాళ్లు చెబుతారని ఎదురుచూడకుండా పీహెచ్ కాగితం చేత్తో పట్టుకునే వెళ్లండి.