కైరో యూనివర్సిటీలో పరిశోధనకు అనుమతి: నా అనుభవం

నిన్న మధ్యాహ్నం అనుమతి పత్రం చేతికొచ్చింది. కోపం ఇంకా చల్లారలేదు, అందుకే ఇప్పుడే రాసేస్తున్నాను. కైరో యూనివర్సిటీలో ఆడపిల్లలు ఎలా అడుగుపెట్టారన్నది నా పీహెచ్‌డీ అంశం. అక్కడి పాత పత్రికలు చూడాలంటే ముందు ఈ కాగితం కావాలన్నారు.

హైదరాబాద్‌లో సర్టిఫికెట్ల అటెస్టేషన్, ఢిల్లీలో ఈజిప్టు ఎంబసీ ముద్ర, వీసా అన్నీ సాఫీగా అయిపోయాయి. ఏజెంట్ల జోలికి మాత్రం పోకండి. నా స్నేహితురాలి దగ్గర ఒకాయన వేలకు వేలు గుంజి చేసింది కొరియర్ చేయడం ఒక్కటే. యూనివర్సిటీ ఉన్న గీజాలో గది కూడా తొందరగానే దొరికింది. మెట్రో రెండో లైన్లో యూనివర్సిటీ పేరుతోనే స్టేషన్ ఉంది.

అసలు నరకం ఊరికి అవతలి వైపు ఒక సర్కారు ఆఫీసులో చూశాను. ఈజిప్టులో ఫారం మీద పేరు నాలుగు ముక్కలుగా రాయాలి: మన పేరు, నాన్న పేరు, తాత పేరు, ముత్తాత పేరు. పాస్‌పోర్టులో నా పేరు పక్కన మా ఇంటిపేరు ఉంది. కౌంటర్‌లో ఉన్నాయన దాన్నే నాన్న పేరు అనుకున్నాడు. ఫారంలో నేను రాసిన నాన్న పేరు వేరు. పైగా డిగ్రీ సర్టిఫికెట్‌లో ఇంటిపేరు ఒక్క అక్షరమే. ఆయన ఆ అక్షరం మీద వేలు పెట్టి, "ఇది పేరా?" అన్నాడు. తర్వాత లైన్లో అందరికీ వినపడేలా, "మేడమ్, మీకు నాన్నలు ఎంతమంది?" అన్నాడు. వెనక నలుగురు నవ్వారు. ఒళ్ళు మండిపోయింది. మా ఊళ్ళో ఇంటిపేరంటే వంశం పేరు, తండ్రి పేరు కాదు అని చెప్పబోతే, కాగితాలు అద్దం కిందనుంచి వెనక్కి తోసి "ఫూత్ అలైనా బుక్రా" అన్నాడు, అంటే రేపు కనపడమని. ఆ రేపు ఎప్పటికీ రాలేదు. ఒకరోజు ఫొటో చిన్నదన్నారు, ఇంకోరోజు గద్ద బొమ్మ ముద్ర లేదన్నారు. ప్రభుత్వ కాగితం మీద ఆ ముద్ర లేకపోతే ఇక్కడ దాన్ని కాగితంగానే చూడరు.

ఆ బెంచీ మీద కూర్చుని నా నోట్సు తిరగేస్తుంటే కడుపు రగిలిపోయేది. 1908 డిసెంబర్ 21న ఈ విద్యాలయం మొదలైనప్పుడు సర్కారుది కాదు, చందాలతో నడిచింది. సొంత భవనం కోసం స్థలమిచ్చి, తన నగలు కూడా ఇచ్చేసింది ఒకప్పుడు ఈజిప్టును ఏలిన ఖెదీవ్ ఇస్మాయిల్ కూతురు ఫాతిమా. అలాంటి చోట ఆడవాళ్ళకి దక్కిందేమిటంటే, మగవాళ్ళు రాని శుక్రవారాల్లో ఉపన్యాసాలు. ఆడవాళ్ళ చదువు కోసం పోరాడిన నబవియ్యా మూసా, మలక్ హిఫ్నీ నాసిఫ్ లాంటి రచయిత్రులు అక్కడ మాట్లాడారు. గొడవలు రేగి 1912లో అదీ ఆపేశారు. 1925లో సర్కారీ విశ్వవిద్యాలయం అయింది. 1827లో పుట్టిన వైద్య పాఠశాల కూడా అందులో కలిసింది. యూనివర్సిటీ అధిపతి (రెక్టార్) లుత్ఫీ అల్-సయ్యద్, అక్కడి ప్రొఫెసర్, రచయిత తాహా హుస్సేన్ లాంటివాళ్ళు చప్పుడు చేయకుండా 1920ల చివర్లో అమ్మాయిల్ని చేర్చుకున్నారు. వాళ్ళలో ఒకరైన సుహైర్ అల్-కలమావీ 1941లో డాక్టరేట్ అందుకుంది.

చివరికి మన ఎంబసీ నుంచి రెండు పేర్లూ ఒకే మనిషివని ఉత్తరం తెచ్చి, దానికి ఇక్కడి విదేశాంగ శాఖ ముద్ర వేయించాను. కౌంటర్ దగ్గర ఆగకుండా నేరుగా లోపలి గదిలో ఉన్న పెద్ద మేడమ్ దగ్గరికి వెళ్ళాను. ఏళ్ళ తరబడి నేర్చుకున్న అరబీ ఆ రోజు అక్కరకొచ్చింది. ఇంటిపేరు సంగతి, శుక్రవారం ఉపన్యాసాల సంగతి, ఫాతిమా నగల సంగతి ఒక్క తప్పు లేకుండా చెప్పాను. ఆవిడ పెన్ను పక్కన పెట్టి విన్నది. తను కూడా ఆ యూనివర్సిటీలోనే చదివిందట. ఫీజులు ఉండి ఉంటే మా నాన్న నన్ను పంపేవాడు కాదు అంది. అప్పటి అధ్యక్షుడు నాసర్ ప్రభుత్వం 1962లో ఉన్నత విద్యకు ఫీజులు ఎత్తేసింది. యూనివర్సిటీ ఇంతగా పెరగడానికి అన్నిటికంటే పెద్ద కారణం అదేనని నా నమ్మకం. ఇప్పుడు రెండు లక్షలకు పైగా చదువుతున్నారు. ఫయ్యూమ్, బెనీ సువైఫ్ శాఖలు 2005లో విడిగా విశ్వవిద్యాలయాలయ్యాయి. ఆవిడ సంతకం పెట్టింది, ముద్ర పడింది.

నేను ఉస్మానియా విద్యార్థిని. మా ఆర్ట్స్ కాలేజీ గీసిన బెల్జియం ఆర్కిటెక్ట్ ఎర్నెస్ట్ జాస్పర్, అంతకు ముందు కైరోలో హీలియోపొలిస్ ప్యాలెస్ హోటల్ కట్టినవాడే. వచ్చే వారం ఆ వైపు కూడా వెళ్తాను.

ఇక్కడికి వచ్చేవాళ్ళు శుక్ర, శనివారాలు సెలవని గుర్తుంచుకోండి. పొద్దున్నే వెళ్ళండి, ప్రతి కాగితానికీ మూడు జిరాక్సులు పెట్టుకోండి. పిల్లల్ని బడిలో వేసేటప్పుడు ఇంటిపేరు పూర్తిగా రాయించండి. ఎవరైనా కౌంటర్ దగ్గర మీ నాన్న గురించి నోరు జారితే, అక్కడే వాదించకుండా పై అధికారి గది ఎక్కడో అడగండి.