మా స్కూల్ లైబ్రరీ తాళాలు నా చేతికొచ్చినాక

మాది సింగరాయకొండ దగ్గర జెడ్పీ హైస్కూలు, సముద్రం పక్కనే. నేను తెలుగు చెప్తాను. మూడేళ్ళ కిందట లైబ్రరీ చూసే సార్ బదిలీ మీద పోతా పోతా నాలుగు బీరువాల తాళాలు, ఒక లావుపాటి యాక్సెషన్ రిజిస్టరు (వచ్చిన ప్రతి పుస్తకానికి ఒక నంబరు వేసి రాసుకునేది) నాకిచ్చి "మేడమ్, అన్నీ సరిచూసుకునే సంతకం పెట్టండి, తొందరపడబాకండి" అన్నారు. ఆ మాట చెప్పి ఆయన నాకు చాలా మేలు చేశారు, ఎందుకంటే రిజిస్టర్లో 1,140 నంబర్లుంటే బీరువాల్లో లెక్కేస్తే 900 కూడా లేవు.

తొమ్మిదో తరగతి పిల్లలు నలుగురు, నేను మూడు శనివారాలు మధ్యాహ్నం కూర్చున్నాం. ఒకళ్ళు నంబరు చదవడం, ఇంకొకళ్ళు పెన్సిల్‌తో టిక్కు పెట్టడం. లేవనుకున్నవాట్లో సగం స్టాఫ్ రూములో టేబుల్ సొరుగుల్లో, ల్యాబులో, హెచ్చెమ్ గారి గది అటక మీద దొరికినాయి. మిగతావి పోయినట్టే.

అసలు బీరువాలు ఏళ్ళ తరబడి ఎందుకు మూసిపెట్టారో అప్పుడర్థమైంది. పుస్తకం పోతే జీతంలో కట్ చేస్తారని అందరికీ భయం. నేను వెతికితే కేంద్ర ప్రభుత్వ ఆఫీసులకి 2017లో వచ్చిన జనరల్ ఫైనాన్షియల్ రూల్స్ కనిపించినాయి, అందులో వెయ్యి పుస్తకాలు ఇస్తే ఏడాదికి ఐదు పోవడం మామూలేనని, కాకపోతే అందులో మోసం గానీ నిర్లక్ష్యం గానీ ఉండకూడదని, వెయ్యి రూపాయలు దాటిన పుస్తకం పోతే మాత్రం విచారించాలని ఉంది. అవి మన జెడ్పీ స్కూళ్ళకి రాసిన రూల్స్ కాదు, నాకూ తెలుసు, అయినా ఆ పేజీ ప్రింటు తీసి హెచ్చెమ్ గారి ముందు పెట్టి "సార్, పిలకాయలకి ఇస్తే ఒకటో రెండో పోతాయి, ఇయ్యకపోతే అన్నీ చెదలకే పోతాయి" అన్నాను. ఆయన కాసేపు చదువుకుని, సరే పోయినవాటికి విడిగా లిస్టు రాసి కమిటీ సంతకాలు తీసుకోండి అన్నారు.

చెదల సంగతి ఊరికే అనలా. కింది అరలో ఒక పుస్తకం తీస్తే అట్ట ఒక్కటే చేతికొచ్చింది, లోపల పేజీలుండాల్సిన చోట ఎర్రమట్టి. ఉప్పుగాలికి మిగతావి ఒకదానికొకటి అతుక్కుపోయినాయి. బీరువాల్ని గోడకి జానెడు దూరం జరిపి, కింద ఇటుకలు పెట్టి, కలరా ఉండలు వేశాం.

తర్వాత తీసేయాల్సినవి. ఇది కొనడం కంటే కష్టం, నేను పుస్తకం కాలికి తగిలితే కళ్ళకద్దుకునే ఇంట్లో పెరిగినదాన్ని. కానీ జనరల్ నాలెడ్జి పుస్తకంలో ఇంకా తొమ్మిది గ్రహాలే ఉండాయి, ప్లూటోని 2006లోనే తీసేశారు కదా. ఇంకో దాంట్లో ఆంధ్రప్రదేశ్‌లో 23 జిల్లాలు. పిలకాయలు అది చదివి పరీక్షలో రాస్తే తప్పు ఎవరిది? అట్టాంటివి, పాత సిలబస్ గైడ్లు పక్కకి తీశాను. చిరిగినా బాగుండే కథల పుస్తకాలు మాత్రం బైండింగుకి ఇచ్చాను. తీసేసినవాటి ఎదురుగా రిమార్క్స్ గడిలో ఎర్ర ఇంకుతో తేదీ, కారణం రాయాలి, ఎంట్రీ కొట్టేయకూడదు, ఆ నంబరు ఇంకో పుస్తకానికి ఇయ్యకూడదు.

కొత్తవి ఏం కొనాలో పిలకాయల్నే అడిగితే చీటీల మీద అందరూ "నీతి కథలు" అనే రాశారు, నాకు నచ్చేదేందో వాళ్ళకి తెలుసు మరి. అప్పుడు ప్రశ్న మార్చాను, మీకు ఎవర్నన్నా అడగాలనుండీ అడగలేకపోయింది ఏందో పేరు లేకుండా రాసి డబ్బాలో వేయండి అన్నాను. ఇంటికెళ్ళి ఆ డబ్బా తెరిచి రాత్రి దాకా చదువుతానే ఉన్నా. తుఫాన్లకి పేర్లు ఎవరు పెడతారు, నెలసరి అప్పుడు కడుపునొప్పి ఎందుకొస్తది, దెయ్యాలు ఉండాయా, మా నాన్న బోటు ఇంజను నడిసముద్రంలో ఎందుకు ఆగిపోతది.

ఆరు నుంచి పది దాకా ఉన్న స్కూలుకి సమగ్ర శిక్ష అనే ప్రభుత్వ బడుల పథకంలో లైబ్రరీ గ్రాంటు ఏడాదికి 15,000 దాకా. ఆ చీటీలు బ్యాగులో పెట్టుకుని జనవరిలో ఒంగోల్లో రైలెక్కి విజయవాడ బుక్ ఫెస్టివల్‌కి పోయాను. ప్రతి పుస్తకం మధ్యలో తెరిచి ఒక పేజీ పైకి చదివేదాన్ని, ఆరో తరగతి పిల్ల ఐదు మాటల దగ్గర ఆగిపోయేట్టుంటే పక్కన పెట్టేదాన్ని. వెన్ను పట్టుకుని లాగి చూశాను, గమ్ముతో అతికించింది మా బడిలో ఆర్నెల్లు కూడా ఆగదు, దారంతో కుట్టిందే కావాలి. బోటు ఇంజన్ల మీద తెలుగులో నాకు దొరకలా, డీజిల్ ఇంజను మెకానిక్ పని నేర్పే పుస్తకం ఒకటి బొమ్మలతో దొరికింది, అదే తెచ్చాను.

సర్దడం దగ్గర ఒక పొరపాటు చేశాను. పెద్ద లైబ్రరీల్లో పుస్తకాల్ని విషయాన్ని బట్టి సర్దడానికి వాడే డ్యూయీ నంబర్లు వేద్దామని మొదలుపెడితే తెలుగు సాహిత్యం మొత్తం 894.827 కిందకే వచ్చింది, పావు బీరువాకి ఒకటే నంబరు, పిలకాయలకి దాంతో పనేముంది. అన్నీ పీకేసి వెన్ను మీద రంగు టేపులు అతికించాం, ఆకుపచ్చ సులువు, పసుపు కొంచెం కష్టం, నీలం సైన్సు, ఎరుపు పని నేర్పేవి.

ఆ ఇంజను పుస్తకం ఎనిమిదో తరగతి పిల్లోడు తీసుకున్నాడు. మూడుసార్లు రెన్యూవల్ రాశాను. నాలుగోసారి తెచ్చినప్పుడు 52వ పేజీ మీద నూనె వేలిముద్ర ఉంది, "నాన్న చూసేడు మేడమ్, ఫైన్ కట్టాల్నా" అని అడిగాడు. కట్టబళ్ళేదని చెప్పి మళ్ళీ తేదీ వేసిచ్చాను.