సూదితో ముక్క తీసిన రోజు

స్నానం చేస్తుండగా ఎడమ రొమ్ములో, చంకకు దగ్గరగా, గోళీకాయంత గడ్డ చేతికి తగిలింది. నొప్పి లేదు, నొక్కితే వేలి కింద నుంచి పక్కకు జారేది. మామోగ్రామ్ (రొమ్ము ఎక్స్‌రే), అల్ట్రాసౌండ్ చూసిన డాక్టరుగారు, స్కానింగును బట్టి అది ఏమిటో తేల్చి చెప్పలేమని, కోర్ బయాప్సీ చేయాలని అన్నారు. సన్న సూదితో కణాలను మాత్రమే లాగే పరీక్ష వేరని, కాస్త లావు సూదితో ముక్క తీస్తే కణాల అమరిక కూడా తెలుస్తుందని వివరించారు.

ఇంట్లో మా పిన్ని, "సూది గుచ్చితే గడ్డ కదిలి ఒళ్లంతా పాకుతుందటే" అని భయపెట్టింది. ఆ మాట పట్టుకుని పది రోజులు కాలయాపన చేశాను. చివరికి డాక్టరుగారినే అడిగితే, ఆ భయంతో పరీక్ష మానుకోకూడదని, ఒకవేళ అది క్యాన్సరే అయితే ఏ రకమో తెలియకుండా సరైన వైద్యం మొదలుపెట్టలేమని నెమ్మదిగా చెప్పారు. ఆ ప్రశ్న మొదటి రోజే అడిగి ఉండవలసింది.

రక్తం పలచబడే మందులు వాడుతున్నానా, ఏ మందైనా పడదా అని ముందే అడిగి రాసుకున్నారు. నన్ను వెల్లకిలా పడుకోబెట్టి, భుజం కింద దిండు పెట్టి, ఎడమ చేతిని తల పైకి ఎత్తి ఉంచమన్నారు. మత్తు ఇంజెక్షన్ ఇచ్చినప్పుడు కొన్ని క్షణాలు చురుక్కుమని మండింది. ఆ తరువాత అక్కడ మొద్దుబారిపోయింది. చర్మం మీద రెండు మూడు మిల్లీమీటర్ల గాటు పెట్టే ముందు రేడియాలజిస్టుగారు ఆ సూది పరికరాన్ని గాలిలో ఒకసారి నొక్కి, "ఈ చప్పుడే వినిపిస్తుందమ్మా, ఉలిక్కిపడకండి" అన్నారు. స్టేప్లరు నొక్కినట్టు గట్టిగా 'టక్'మంది. ముక్క తీయించుకోబోయే ప్రతి మనిషికీ ఆ చప్పుడు ముందే వినిపించాలని నేను గట్టిగా కోరుకుంటాను, ఎందుకంటే తెలియకుండా వింటే శరీరం దానంతట అదే బిగుసుకుపోతుంది.

అల్ట్రాసౌండ్ తెర మీద నల్లటి గడ్డ అంచుకు సూది తెల్లని గీతలా వచ్చి ఆగడం నాకు కనిపిస్తూనే ఉంది. నాలుగు సార్లు ముక్క తీశారు. మూడోసారి సుర్రుమని పొడిచినట్టయింది. ఆ మాట చెప్పగానే ఆగి, మరికొంత మత్తు ఇచ్చారు. నొప్పిని పళ్ల బిగువున ఓర్చుకోవలసిన పని లేదని అప్పుడే తెలిసింది. ముక్కలు పాడవకుండా ఉంచే ఫార్మలిన్ ద్రవం సీసాలో అవి తడిసిన దారపు పోగుల్లా, పాలిపోయిన రంగులో ఉన్నాయి. తీసిన చోటును తరువాత గుర్తుపట్టడానికి నువ్వుగింజంత లోహపు క్లిప్పును లోపల ఉంచారు.

నర్సమ్మ పది నిమిషాల పాటు అరచేతితో ఒత్తి పట్టుకుని, సన్నని ప్లాస్టరు పట్టీలు వేసింది. కుట్లు పడలేదు. ఇంటికి వచ్చాక గుడ్డలో చుట్టిన ఐసు కాసేపు పెట్టి, కాసేపు తీస్తూ ఉన్నాను. రెండు రోజులు బరువులు ఎత్తలేదు, బిగుతైన బ్రా రాత్రి కూడా వేసుకునే ఉన్నాను. నొప్పికి పారాసెటమాల్ చాలింది. రక్తస్రావం పెరుగుతుందని ఆస్పిరిన్ వద్దన్నారు. జ్వరం, చీము, ఆగని రక్తం, పెరిగే వాపు కనిపిస్తే వెంటనే రమ్మన్నారు గానీ, అవేవీ రాలేదు. కమిలిన చోటు మాత్రం ఊదా రంగు నుంచి పచ్చబడి, పసుపు తిరిగి, రెండు వారాలకు పోయింది.

ఆరో రోజున రిపోర్టు వచ్చింది: ఫైబ్రోఅడినోమా, అంటే క్యాన్సర్ కాని గడ్డ. అయినా డాక్టరుగారు ఆ ఒక్క మాటతో వదిలేయక, స్కానింగులో కనిపించినదానికీ రిపోర్టుకూ పొంతన కుదిరిందో లేదో చూసి, కుదిరిందని చెప్పి, ఆరు నెలలకు మళ్లీ రమ్మన్నారు.

ఆ స్కానింగు కూడా అయింది. గడ్డ పెరగలేదు. దాని మధ్యలో ఆ క్లిప్పు తెల్లని చుక్కలా కనిపించింది.