మూడంగుళాల పాన్ మోజు

నా దగ్గర 9×13 అంగుళాల కేక్ పాన్‌లు మూడున్నాయి. పొడవు, వెడల్పు ఒకటే, లోతులే వేరు: ఒకటి, రెండు, మూడు అంగుళాలు. ఎక్కువ ముచ్చటపడి కొన్నది మూడంగుళాలది. అతి తక్కువ వాడేదీ అదే.

కొనేటప్పుడు నా లెక్కల్లా, లోతు ఎక్కువైతే పోయేదేముంది, పొంగి పొర్లదు కదా అని. పోయేదేమిటో మొదటి కేక్‌తోనే తెలిసింది. ఎప్పుడూ చేసే వెనిలా బ్యాటర్ (కేక్ కోసం జారుగా కలిపిన పిండి) పోస్తే సరిగ్గా అంగుళం కూడా రాలేదు. దాని పైన రెండంగుళాల గోడ ఖాళీగా నిలబడింది. 180 డిగ్రీల దగ్గర 35 నిమిషాల్లో అయిపోయే కేక్, 40 దాటినా పైన పాలిపోయే ఉంది. రంగు కోసం ఇంకాస్త ఉంచాను. తీసి కోస్తే అంచులు బిస్కెట్లా ఎండిపోయాయి. ఆ ఎత్తు గోడలే పైభాగానికి తగలాల్సిన వేడికి అడ్డం పడ్డాయన్నమాట.

పాన్ తప్పేం లేదు, బ్యాటర్ చాల్లేదు అనుకున్నాను. మా అమ్మాయి పుట్టినరోజుకి కొలతలన్నీ రెట్టింపు చేసి, దాదాపు రెండంగుళాలు పోశాను. పాన్‌లో మూడింట రెండు వంతులు దాటకూడదంటారు కదా, అదీ దాటలేదు. 45 నిమిషాలకి పైన చక్కటి గోధుమరంగు. టూత్‌పిక్ అంచు దగ్గర గుచ్చితే శుభ్రంగా వచ్చింది, నడిమధ్యలో గుచ్చితే తడి బ్యాటర్ పూసుకుని వచ్చింది. ఇంకో పావుగంట ఉంచి, ఇక చాల్లే అని తీసేశాను. బయట పెట్టిన రెండు నిమిషాలకి మధ్యభాగం నా కళ్ల ముందే మెల్లగా కిందికి దిగింది. ఆ గుంటని క్రీముతో పూడ్చి, పైన పేరు రాసేశాను.

"అమ్మా, నా పేరు కింద ఇంత క్రీమ్ ఎందుకుంది?"

"నీకోసమే స్పెషల్‌గా," అన్నాను. నమ్మింది, పాపం.

మూడింట రెండు వంతుల లెక్క పొంగి పొర్లకుండా కాపాడుతుందంతే, లోపల ఉడకడానికి దానితో సంబంధం లేదు. వేడి పాన్ గోడల నుంచి మధ్యకి నింపాదిగా పాకుతుంది. అంచు ముందే గట్టిపడి ఎదగడం ఆగిపోతుంది, మధ్యలోది ఇంకా పొంగుతూనే ఉంటుంది. బ్యాటర్ ఎంత మందంగా ఉంటే ఈ తేడా అంత పెద్దది.

ఇప్పుడు బ్యాటర్ ఎంత ఎత్తు వస్తుందో చూసుకున్నాకే పాన్ తీస్తాను. కొత్త పాన్ అయితే మా అమ్మాయి జామెట్రీ బాక్స్‌లోని స్కేలు నిలబెట్టి, అంగుళం దాకా నీళ్లు పోసి, ఆ నీళ్లని కొలుస్తాను. 9×13లో సుమారు 1.9 లీటర్లు వస్తాయి. బ్యాటర్ కూడా దాదాపు అంతే ఉంటే రెండంగుళాల పాన్‌కి హాయిగా సరిపోతుంది. రెండు 8 అంగుళాల రౌండ్ కేకుల రెసిపీ కూడా ఇందులో ఒదిగిపోతుంది. ఆ రెండింటి వైశాల్యం 100 చదరపు అంగుళాలు, దీనిది 117.

సైజు విషయంలో ఒక తమాషా ఉంది. 13×18 పాన్ అంగుళం లోతుది తీసుకున్నా, 9×13 రెండంగుళాలది తీసుకున్నా పట్టేది 234 ఘనపు అంగుళాలే. అలాగని ఒకదాని బదులు ఇంకొకటి వాడితే అదే కేక్ రాదు. పెద్దదాంట్లో బ్యాటర్ అరంగుళానికి పరుచుకుని చాలా ముందే ఉడికిపోతుంది, రెసిపీలో రాసిన టైమ్ నమ్ముకుంటే మాడుతుంది. ఇంకో మాట, 13×18 కొనేముందు ఓవెన్ లోపల టేపు పెట్టి చూసుకోండి. నేను చూసుకోలేదు. ఆ కథ వద్దులెండి.

నా 9×13ల్లో అంగుళం లోతుది రోల్ కేకులకే తీస్తాను. పది పన్నెండు నిమిషాల పని. ఫోన్ పట్టుకుని కూర్చుంటే చుట్టేటప్పుడు పగుళ్లే.

మూడంగుళాలదే వాడక తప్పదంటే వేడి 160కి తగ్గించి, అంచులు ముందే గట్టిపడకుండా పాన్ చుట్టూ తడి గుడ్డపట్టీ కట్టి ఓపిక పట్టాలి. అంత ఓపిక నాకు లేదు. ఎత్తు కావాలంటే రెండంగుళాల దాంట్లో రెండుసార్లు బేక్ చేసి ఒకదానిపై ఒకటి పేరుస్తాను.

మొన్న పుట్టినరోజుకి అలాగే చేశాను. మధ్యలో గుంట లేదు, పైన సమంగా ఉంది, ఎందుకో ఒకటికి రెండుసార్లు స్కేలు పెట్టి మరీ చూసుకున్నాను. అమ్మాయి మొదటి ముక్క కోసి, లోపలికి తొంగిచూసి మూతి ముడిచింది: "ఈసారి స్పెషల్ క్రీమ్ వెయ్యలేదేంటి?"