లాగ్‌బుక్కులు దిద్దిన రోజు

రోజంతా ఇంటర్న్‌షిప్ లాగ్‌బుక్కులతోనే గడిచింది, అంటే ఏ రోజు ఏ పని చేశారో పిల్లలు రాసుకునే పుస్తకాలతో. సగానికి పైగా పుస్తకాల్లో ఒకటే పాట. "ఈ వారం చాలా విషయాలు నేర్చుకున్నాను. టీమ్ బాగా సహకరించింది." ఏ విషయాలో, ఎవరు దేనికి సహకరించారో ఒక్క ముక్క దొరకదు. నెల రోజుల ఎంట్రీలు ఒక్క రాత్రిలో కూర్చుని నింపేశారని చూడగానే తెలిసిపోతుంది. అదే పెన్ను, అదే వాలు. చివరి పేజీలకు వచ్చేసరికి చెయ్యి నొప్పెట్టి గిలికేశారు. ఒక పుస్తకంలోనైతే ఆదివారాలు కూడా ఆఫీసుకెళ్ళి "కోడింగ్ చేశాను" అని ఉంది. క్యాలెండర్ చూసుకునే ఓపిక కూడా లేకపోయింది పాపం.

వీటిని వెనక్కిచ్చి మళ్ళీ రాయించాలా అని స్టాఫ్‌రూమ్‌లో చర్చ. నేనైతే వద్దన్నాను. గుర్తులేనిది మళ్ళీ రాయమంటే ఈసారి ఇంకాస్త నేర్పుగా కల్పిస్తారు, అంతే. గడిచిన వారాల గురించి గుర్తున్నంత వరకు, ఇవాళ్టి తేదీ వేసి, ఒక పేజీ రాస్తే చాలన్నాను. రేపటి నుంచి ఏ రోజుది ఆ రోజే.

ఒక అమ్మాయి పుస్తకం మాత్రం రెండోసారి చదివాను. అందులో ఒక ఎంట్రీ: "ఫిర్యాదుల షీట్‌లో రెండుసార్లు పడిన వరసలు తీసేశాను. తేదీ కాలమ్‌లో కొన్నిచోట్ల రోజు ముందు, కొన్నిచోట్ల నెల ముందు ఉంది. 03-04 అంటే మార్చి 4 అనుకోవాలో, ఏప్రిల్ 3 అనుకోవాలో తెలియలేదు. ఆఫీసులో నాకు పని చెప్పే మెంటర్‌ను అడిగాను. పాత సిస్టమ్ నుంచి వచ్చిన వరసల్లో నెల ముందుంటుందట. అవి వేరు చేసి రేపు సరిచేయాలి." ఇందులో గొప్ప పనేమీ లేదు. కానీ వైవాలో ఏం చేశావని అడిగితే ఈ అమ్మాయి తడుముకోదు. సర్టిఫికెట్ దగ్గరో మార్కుల దగ్గరో పేచీ వస్తే, ఏ రోజు ఏ పని ఎవరు చెప్పారో చూపించడానికీ ఈ పుస్తకమే దిక్కు.

మధ్యాహ్నం ఒక అబ్బాయి తలుపు దగ్గర నిలబడి, "సార్, సోమవారం నుంచి ఇంటర్న్‌షిప్‌కు రమ్మని కంపెనీవాళ్ళు ఫోన్ చేశారు. లెటర్ తర్వాత ఇస్తారట. వెళ్ళిపోనా?" అన్నాడు. లెటర్ చేతికి వచ్చాకే వెళ్ళమన్నాను. మొదటి రోజు, చివరి రోజు, పని గంటలు, ఎవరి కింద ఏ పని, స్టైపెండ్ ఎంత, ఎప్పుడిస్తారు, సెలవు కావాలంటే ఎవరిని అడగాలి... ఇవన్నీ అందులో ఉండాలి. పరీక్షల తేదీలు మనమే ముందు చెప్పాలి. మధ్యలో చెబితే ఎవరైనా ముఖం మాడ్చుకుంటారు. డిపాజిట్ అనో ట్రైనింగ్ ఫీజు అనో తిరిగి మననే డబ్బు అడిగితే మాత్రం, లెటర్ ఎంత అందంగా ఉన్నా ఆ గుమ్మం తొక్కకూడదు.

"స్టైపెండ్ గురించి అడిగితే బాగోదేమో సార్" అన్నాడు. పిల్లలందరిదీ ఇదే మొహమాటం. ఫ్రాన్స్‌లో ఇంటర్న్‌షిప్ రెండు నెలలు దాటితే డబ్బు ఇవ్వాల్సిందేనని చట్టమే ఉంది. విద్యార్థి, విద్యాసంస్థ, పని ఇచ్చే సంస్థ సంతకాలు చేసిన ఒప్పందం కూడా తప్పనిసరి. అమెరికా కార్మిక శాఖ 2018 నుంచి జీతం లేని ఇంటర్న్‌షిప్‌లను ఒక ప్రశ్నతో తూస్తోంది: దీనివల్ల ఎక్కువ మేలు ఎవరికి, విద్యార్థికా, కంపెనీకా? జీతగాళ్ళు చేయాల్సిన పనిని ఇంటర్న్‌తో లాగించేస్తున్నారా అన్నదీ అందులో చూస్తారు. ఇదంతా చెప్పాక అబ్బాయి ముఖం కాస్త తేటపడింది.

కంపెనీ లోపలి విషయాలు బయటపెట్టనని రాసిచ్చే గోప్యత ఒప్పందం దగ్గర నాకు అసలు టెన్షన్. చదవకుండా సంతకం పెట్టేస్తారు. 2023లో శాంసంగ్ ఉద్యోగులు కంపెనీ సోర్స్ కోడ్‌ను చాట్‌జీపీటీలో పెట్టారని, దాంతో కంపెనీ అలాంటి టూల్స్‌ను నిషేధించిందని వార్తలొచ్చాయి. తలపండిన ఇంజినీర్లే ఆ పని చేస్తే, ఎర్రర్ రాగానే ఫైలు మొత్తం కాపీ కొట్టి అందులో పడేసే మన పిల్లల సంగతి చెప్పాలా! ఇవాళే ఒక రిపోర్టులో కస్టమర్ల పేర్లు, ఫోన్ నంబర్లు స్పష్టంగా కనిపించే స్క్రీన్‌షాట్ ఉంది. వెంటనే తీయించాను. రిపోర్టులో ఏవి పెట్టొచ్చో మెంటర్‌ను అడిగి మెయిల్‌లోనే ఒప్పుకోలు తీసుకోవాలి, నోటి మాట చాలదు.

ఇంటర్న్‌షిప్ పూర్తిచేసి వచ్చిన ఇంకో అబ్బాయిది వేరే గోడు. నెలంతా ఖాళీగా కూర్చోబెట్టారట, జిరాక్సులు తప్ప పని లేదట. నమ్మాను. కానీ ఇప్పుడు చెబితే నేను చేయగలిగేదేముంది? మొదటి వారంలోనే చెప్పి ఉంటే వాళ్ళకు ఫోన్ చేసేవాణ్ణి. మెంటర్లకు నిజంగానే తీరిక ఉండదు. "ఏదైనా పని ఇవ్వండి" అంటే వాళ్ళకు ఏమీ తట్టదు. "ఈ షీట్ నేను సరిచేయనా, శుక్రవారానికి ఇస్తాను" అంటే సరేనంటారు. పని చెప్పాక మనకు అర్థమైనది రెండు వాక్యాల్లో మెయిల్ పెట్టేస్తే తర్వాత నువ్వలా అన్నావు, నేనిలా అన్నానన్న గొడవ ఉండదు. సందేహం వస్తే కాసేపు సొంతంగా ప్రయత్నించి, ఏమేం చేసి చూశామో చెప్పి అడగాలి. మూడు రోజులు బిక్కుబిక్కుమంటూ స్క్రీన్ చూస్తూ కూర్చుంటే ఎవరికీ లాభం లేదు.

అసభ్యంగా మాట్లాడటం, వేధించడం లాంటివి వేరు. వాటికి వారం ఆగక్కర్లేదు, మెసేజ్‌లు దాచి ఆ రోజే చెప్పాలి. సర్టిఫికెట్ పోతుందన్న భయంతో నోరు నొక్కుకోవద్దని క్లాసులో మళ్ళీ చెప్పాలి.

సోమవారం నుంచి వెళ్ళాల్సిన అబ్బాయి సాయంత్రం లెటర్ ఫొటో పంపాడు. తేదీలు ఉన్నాయి, మెంటర్ పేరు ఉంది. స్టైపెండ్ దగ్గర "సంస్థ నిబంధనల ప్రకారం" అని ఉంది. ఆ నిబంధనలేమిటో ఈ రాత్రే మెయిల్‌లో అడగమని, కాపీలో నన్నూ పెట్టమని జవాబిచ్చాను.